కారు స్నానానికి పన్నెండు బిందెలు!

2024 మార్చి నెల. బెంగళూరులో బోర్లు ఎండిపోయి, లక్షలు పోసి ఫ్లాట్లు కొనుక్కున్నవాళ్లు కూడా ట్యాంకరు కోసం ఎదురుచూసిన రోజులు. అప్పుడు ఆ నగర నీటి సరఫరా బోర్డు ఒక ఉత్తర్వు వేసింది. తాగే నీళ్లతో కారు కడిగినా, తోటకి పెట్టినా, ఇల్లు కట్టడానికి వాడినా 5,000 రూపాయల జరిమానా! నెల తిరక్కుండానే 22 కుటుంబాల దగ్గర 1.10 లక్షల రూపాయలు వసూలు చేశారని పేపర్లలో చదివాం. 2025 ఫిబ్రవరిలో, ఎండలు ముదరక ముందే, అలాంటి ఉత్తర్వే మళ్లీ వచ్చింది.

మా కర్నూలు వీధిలో ఆ వార్త చదివి నవ్వుకున్నవాళ్లే ఎక్కువ. "మన కారు, మన బోరు... అడగడానికి వాళ్లెవరు?" అని ఒకాయన అరుగు మీద కూర్చుని తీర్పు కూడా చెప్పేశాడు. అక్కడే బట్టలు ఇస్త్రీ చేస్తున్న ఆవిడ తలెత్తకుండానే ఒక మాటంది. "మా వీధికి కొళాయి రెండు దినాలకోసారి వస్తాది సార్. మీ కార్లకు మాత్రం దినామూ వస్తాది!"

అరుగు మీద ఇంకెవరూ మాట్లాడలేదు.

కథలు రాసుకునేదాన్ని కదా, ఇలాంటి మాట వింటే ఊరుకోలేను. దాని వెనకాల ఉన్న లెక్క ఏమిటో చూడాలనిపించింది. అదీకాక, ఈమధ్య మన ఊళ్లలోకి ఒక కొత్త సేవ వచ్చింది. ఫోన్ చేస్తే చాలు, చిన్న వ్యానులోనో, బైకు మీదో ఇంటి ముందుకే వచ్చి కారు కడిగి, లోపలి దుమ్మంతా మిషనుతో పీల్చి, పైన పాలిష్ పట్టి, కొత్త పెళ్లికూతుర్ని చేసి వెళ్తారు. దీన్ని 'డీటెయిలింగ్' అంటారు. రంగు మీద పడ్డ గీతల్ని పోగొడితే 'పెయింట్ కరెక్షన్' అంటారు. "నీళ్లు తక్కువ, పర్యావరణానికి మేలు" అని కరపత్రాల్లో రాస్తున్నారు. నిజంగా మేలేనా? మన కర్నూలు, కడపల్లాంటి ఎండు ఊళ్లలో ఇది మనం అడిగి తీరాల్సిన ప్రశ్న.

బిందెల్లో లెక్కేద్దాం

లీటర్లంటే మగవాళ్లకి పెట్రోలు గుర్తొస్తుంది. మనకి బిందెలైతేనే సులువు. ఇంట్లో మొక్కలకి పట్టే పైపుని పదిహేను లీటర్ల బకెట్టులో పెట్టి గడియారం చూశాను. సరిగ్గా నిమిషానికి నిండింది. మా వీధిలో కారు కడిగేవాళ్లు పైపు వదిలేసి సబ్బు రుద్దే టైముతో సహా తక్కువలో తక్కువ పన్నెండు నిమిషాలు పోస్తారు. అంటే 180 లీటర్లు. అంటే పన్నెండు బిందెలు!

ఈ 180 లీటర్లు ఎక్కువా, తక్కువా? భూగర్భ మురుగునీటి వ్యవస్థ ఉన్న పట్నాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు ఇవ్వాలని మన దేశంలో ఒక ప్రమాణం ఉంది. పల్లెల్లో ఇంటింటికీ కొళాయి ఇవ్వాలని 2019లో మొదలైన జల జీవన్ మిషన్ మనిషికి పెట్టుకున్న లక్ష్యం 55 లీటర్లు. అంటే ఒక్క కారు స్నానం, పల్లెలో ముగ్గురు మనుషులు తాగి, వండుకుని, స్నానాలు చేసి, బట్టలు ఉతుక్కునే నీళ్ల కంటే ఎక్కువ. రోజూ ఇలాగే కడిగితే నెలకి 5,400 లీటర్లు. అయిదువేల లీటర్ల ట్యాంకరు ఒకటి పూర్తిగా కారు మీంచి కాలవలోకి జారిపోయినట్టే.

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరం 2018లో కొళాయిలు పూర్తిగా కట్టేయాల్సిన రోజు ముంచుకొస్తోందని లెక్కలు కట్టుకుంది. ఆ ఫిబ్రవరి నుంచి మనిషికి రోజుకి 50 లీటర్లే అని హద్దు పెట్టింది. తాగునీళ్లతో కారు కడగడాన్ని నిషేధించింది. అక్కడిదాకా ఎందుకు, 2019 జులైలో చెన్నైకి జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తీసుకెళ్లారు. అదే చెన్నై కోసం శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, వెలుగోడు, బ్రహ్మంగారి మఠం మీదుగా మన ముంగిట్లోంచే తెలుగుగంగ పారుతుంది. 1983లో ఒప్పందం కుదిరితే 1996లో పూండికి నీళ్లు చేరాయి. నీళ్లు మన ముందునుంచి పోవడం, మన బిందెలోకి రావడం రెండూ ఒకటి కాదని సీమ ఆడదానికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. కార్లు కడగడం వల్లే రాయలసీమకి కరువొచ్చిందంటే నవ్విపోతారు. ఎకరా వరి పండడానికి లక్షల లీటర్లు కావాలి. పగిలిన పైపుల్లోంచి పోయే నీళ్లకైతే లెక్కే లేదు. కాబట్టి కారు బకెట్టు మిగిల్చినంత మాత్రాన తుంగభద్ర నిండదు. కానీ కారు మీద పోసేవి కాలవ నీళ్లు కావే! శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి, కరెంటు ఖర్చుపెట్టి ట్యాంకు ఎక్కించిన నీళ్లు. పైగా ఒకే పైపులైను మీద ఉన్న వీధుల్లో పల్లంలో ఉన్నవాళ్లు మోటారు పెట్టి లాగితే మెరకన ఉన్నవాళ్ల కొళాయికి గాలే వస్తుంది. కారు కడిగిన పన్నెండు బిందెలు ఎవరో ఒకరి పన్నెండు బిందెలే.

మన నీళ్ల సంగతి

కర్నూలు, కడప జిల్లాల్లో ఏడాది మొత్తానికీ పడే వాన సుమారు 600 నుంచి 700 మిల్లీమీటర్లు. అదీ కురిస్తే కుంభవృష్టి, లేకపోతే లేదు. 2009 అక్టోబరు 2న కర్నూలు పట్నం మునిగిపోయి మేడల మీద జనం బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లని ఊడ్చేసింది. ఇంత నీళ్లు చూసిన ఊళ్లే వేసవి వచ్చేసరికి ట్యాంకరు వైపు చూస్తాయి. వరద మన ఇంట్లోకి వస్తుంది గానీ బిందెలోకి రాదు!

కర్నూలు తాగునీటికి ప్రధాన ఆధారం సుంకేసుల. అక్కడ నిలవ ఉండేది 1.2 టీఎంసీలు మాత్రమే. పైన తుంగభద్ర డ్యాంలో నీళ్లుంటేనే కిందికి వస్తాయి. 2024 ఆగస్టు 10 రాత్రి ఆ డ్యాం 19వ నంబరు గేటు కొట్టుకుపోయినప్పుడు హోస్పేటలో రైతులకే కాదు, మనకీ గుండె ఆగినంత పనయింది. వారం రోజుల్లో తాత్కాలిక గేటు దించి నీళ్లు నిలబెట్టారు కాబట్టి సరిపోయింది. ఎక్కడో వంద మైళ్ల అవతల ఒక గొలుసు తెగితే మన వంటింట్లో బిందె ఖాళీ అవుతుందన్నమాట.

పప్పుడకని నీళ్లు

"మాది బోరు నీళ్లు, కొళాయివి కాదు" అనేవాళ్లున్నారు. బోరు మీ పెరట్లో ఉన్నా, నీళ్లు మీ పెరట్లో పుట్టినవి కావు. భూగర్భం నుంచి తీసిన తాగునీటిని ఎవరూ వృథా చేయకూడదని కేంద్ర భూగర్భ జల ప్రాధికార సంస్థ 2020 అక్టోబరులోనే ఆదేశం ఇచ్చింది. మన రాష్ట్రంలో నీరు, భూమి, చెట్ల కోసం 'వాల్టా' చట్టం 2002 నుంచీ ఉంది. చట్టాల సంగతి అలా ఉంచండి. అసలు ఆ బోరు నీళ్లు కారుకే మంచివి కావు!

మన నేల అడుగున ఉన్నది సున్నపురాయి. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది అందుకే. బేతంచర్ల బండలు, కడప బండలు ఇంటింటికీ చేరింది ఈ రాతి నేలల నుంచే. ఆ రాతి సందుల్లోంచి ఊరిన నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. పప్పు ఓ పట్టాన ఉడకదు, సబ్బు నురగ రాదు, గీజరు కాయిలుకి తెల్లగా పొట్టు కడుతుంది. మనకి తెలిసిందేగా! అదే నీళ్లు ఎండలో ఉన్న కారు మీద పోస్తే ఏమవుతుంది? నీళ్లు ఆవిరైపోతాయి, సున్నం మిగులుతుంది. స్టీలు కొళాయి మీద కనిపించే తెల్లమరకలే కారు రంగు మీదా పడతాయి. రోజూ కడిగిన కారే త్వరగా వెలవెలబోవడానికి ఇదొక కారణం. ఇక పొద్దున్నే పొడిగుడ్డతో దుమ్ము దులపడం రెండోది. మన గాలిదుమ్ములో ఇసుక రేణువులుంటాయి. పొడిగుడ్డ కింద అవి గరుకు కాగితంలా పనిచేస్తాయి. ఎండలో నిలబెట్టి చూస్తే సాలెగూడులా గుండ్రటి గీతలు కనిపించేది అందుకే.

పాలిష్ అంటే అరగదీయడమే

పుట్టిల్లు ప్రొద్దుటూరు కాబట్టి నాకు బండల పాలిష్ బాగా తెలుసు. మిషను పెట్టి తిప్పితే బేతంచర్ల బండ అద్దంలా మెరుస్తుంది. ఎందుకు మెరుస్తుంది? పైన ఉన్న గరుకంతా అరిగిపోయి సమంగా అవుతుంది కాబట్టి. కారు 'పెయింట్ కరెక్షన్' కూడా అంతే. గీతని పూడ్చరు. గీత ఎంత లోతుందో అంతవరకూ చుట్టూ ఉన్న పొరని మందు రాసి, మిషనుతో సన్నగా అరగదీస్తారు.

కారు రేకు మీద ముందు ప్రైమరు, ఆపైన రంగు, అన్నిటికీ పైన రంగులేని ఒక పారదర్శక పొర ఉంటాయి. ఆ పైపొర మందం సాధారణంగా 40 నుంచి 50 మైక్రాన్లు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అంటే మన తలవెంట్రుక కంటే పల్చన! ఒక్కసారి గట్టిగా పాలిష్ పడితే అందులో కొన్ని మైక్రాన్లు పోతాయి. ఇల్లు కట్టినప్పటి బండకి పదిసార్లు పాలిష్ పట్టించినా బండ మిగులుతుంది. కారు పైపొర మిగలదు. అది పోతే రంగు వెలిసిపోతుంది, మళ్లీ పెయింటింగు తప్పదు.

ఇప్పుడు మొత్తం కలిపి చూడండి. ఎక్కువ నీళ్లు పోసి కడుగుతాం, సున్నం మరకలు పడతాయి. మరకలు పోవాలని గట్టిగా రుద్దుతాం, గీతలు పడతాయి. గీతలు పోవాలని వేలు పోసి పాలిష్ పట్టిస్తాం, పొర అరుగుతుంది. నీళ్లూ పోయె, రంగూ పోయె, డబ్బూ పోయె! కాబట్టి పాలిష్ కుర్రాడు వస్తే "పొర మందం కొలిచే మీటరు ఉందా బాబూ?" అని అడగండి. లేదంటే గీతలున్నా సరే, ఆ పాలిష్ వద్దని చెప్పండి. అన్ని గీతలూ పోగొడతాననేవాడి కంటే, "ఇది వదిలేద్దాం" అని చెప్పగలిగేవాడే పనిమంతుడు.

రెండు బకెట్ల విద్య

మరి తక్కువ నీళ్లతో శుభ్రం అవుతుందా? అవుతుంది. మా పక్కింటికి వచ్చిన కుర్రాణ్ణి నిలబడి చూశాను. ఒక బకెట్టులో షాంపూ నీళ్లు, రెండో దాంట్లో మంచి నీళ్లు. మెత్తటి గుడ్డని షాంపూలో ముంచి పైనుంచి కిందికి ఒక భాగం తుడుస్తాడు, రెండో బకెట్టులో జాడించి ఇసుక వదిలిస్తాడు, మళ్లీ షాంపూలో ముంచుతాడు. మురికి గుడ్డ మళ్లీ కారు ఎక్కదు. "నీళ్లు ఎక్కువ పోస్తే మురికి పోతాదనుకుంటారు అక్కా. నానబెడితే పోతాది, అంతే!" అన్నాడు. బట్టలు ఉతికే మనకి ఈ పాఠం కొత్తదా చెప్పండి?

పద్ధతుల్ని పోల్చి చూస్తే సుమారుగా ఇలా ఉంటుంది. పైపు పెడితే 150 నుంచి 200 లీటర్లు. ఒత్తిడితో చిమ్మే చిన్న మిషను నిమిషానికి ఆరేడు లీటర్లే తీసుకుంటుంది కాబట్టి పది నిమిషాలకి 60, 70 లీటర్లు. రెండు బకెట్ల పద్ధతికి 30 లీటర్లు. మళ్లీ కడగాల్సిన అవసరంలేని ప్రత్యేకమైన షాంపూలు కూడా ఉన్నాయి. ఒక మూతో రెండు మూతలో బకెట్టులో కలిపి, గుడ్డ ముంచి తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఆరబెడితే సరి. దానికి ఎనిమిది పది లీటర్లు చాలు. అయితే వానాకాలంలో నల్లరేగడి మట్టి గడ్డకట్టి అంటుకున్న కారుని మాత్రం ఇలా తుడవకూడదు. ముందు కాసిని నీళ్లు చిమ్మి, నానబెట్టి, మట్టి వదిలాకే గుడ్డ పెట్టాలి.

మన ఇంట్లోనే దొరికే నీళ్ల గురించి కూడా చెప్పుకోవాలి. తాగునీటి ఆర్వో మిషను వదిలే నీళ్లు కారుకి వాడమని చాలామంది సలహా ఇస్తారు. ఆ నీళ్లలో ఉప్పు, సున్నం మామూలు కంటే ఎక్కువ. చక్రాలకి, కాళ్ల కింద మ్యాట్లకి, వాకిట్లో కల్లాపికి బాగుంటాయి. రంగు మీద మాత్రం మరకలు పెడతాయి. ఏసీ పైపులోంచి కారే నీళ్లలో సున్నం ఉండదు కాబట్టి ఆఖరి తుడుపుకి అవి బంగారం. కాకపోతే మన పొడిగాలిలో అవి కోస్తావాళ్లకి వచ్చినన్ని రావు. బకెట్టు పెట్టి ఓపిక పట్టాలి.

కడిగేది నీడలో, పొద్దున్నేగానీ సాయంత్రంగానీ. బట్టల సబ్బుపొడి వద్దు. మన స్కూటీలకైతే ఒకే బకెట్టు చాలు. ఎలక్ట్రిక్ స్కూటరు వైర్ల మీదకి ఒత్తిడి మిషను తిప్పనివ్వకండి.

ఎక్కడివి? ఎక్కడికి?

"నీళ్లు తక్కువ" అన్నంత మాత్రాన పర్యావరణానికి మేలైపోదు. వ్యాను వాళ్లు తెచ్చే నీళ్లు ఎక్కడివి? ఊరి చివర ఏ తోట బోరులోనో నింపుకుని వస్తే, ఆ పల్లె నీళ్లు మన కారుకి వచ్చినట్టే కదా! కడిగిన నీళ్లు ఎక్కడికి పోతాయి? అందులో నూనె, గ్రీజు, బ్రేకుల పొడి, షాంపూ అన్నీ ఉంటాయి. వీధి కాలవలో వదిలితే కర్నూలులో అది హంద్రీకి, అక్కణ్ణుంచి తుంగభద్రకి చేరుతుంది. కడపలో బుగ్గవంకకి, దాన్నుంచి పెన్నకి. కింద ఉన్న ఊళ్లవాళ్లు ఆ నదుల్నే నమ్ముకుని ఉన్నారు. తుడుపు పద్ధతిలో మురికి బకెట్టులోనే మిగులుతుంది కాబట్టి దాన్ని చేపలున్న వాగుకి కాకుండా మరుగుదొడ్డి కాలవకి పంపొచ్చు. అన్నిటికన్నా ఆ పద్ధతిలో పెద్ద లాభం ఇదే.

ఇంకొకటి. ఆ మందులు ముట్టుకునే చేతులు ఎవరివి? అపార్ట్‌మెంట్లలో తెల్లవారుజామున కార్లు తుడిచేవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. చేతులకి తొడుగులు లేవు, నడుం వంగిపోతుంది, నెలకిచ్చేది అంతంతమాత్రం. బెంగళూరు తరహా జరిమానా మన ఊళ్లో వేస్తే మొదట తిట్లు పడేది పైపు పట్టుకున్న ఆ మనిషికే. పైపు పట్టుకోమన్నది మాత్రం ఎవరు?

అందుకే నాకు జరిమానా ఒక్కటే సరిపోతుందనిపించదు. మన కార్పొరేషన్లు మార్చి నుంచి జూన్ దాకా పైపుతో కార్లు కడగడాన్ని ఆపాలి, బకెట్టుని అనుమతించాలి. సర్వీసింగు కేంద్రాలు వాడిన నీళ్లని నూనె వేరుచేసి మళ్లీ వాడుతున్నాయో లేదో కాలుష్య నియంత్రణ మండలివాళ్లు వెళ్లి చూడాలి. మురుగునీటిని శుద్ధి చేసిన చోట ఆ నీళ్లే వాహనాలు కడిగేవాళ్లకి అమ్మాలి. పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లకి ఈ తక్కువ నీళ్ల పద్ధతి నేర్పిస్తే ఇదొక బతుకుతెరువు కూడా అవుతుంది. వ్యాను అక్కర్లేదు, జనరేటరు అక్కర్లేదు. రెండు బకెట్లు, పది మెత్తటి గుడ్డలు, ఒక షాంపూ డబ్బా, చేతి తొడుగులు! ఇద్దరిద్దరుగా అపార్ట్‌మెంట్లలో పని ఒప్పుకుంటే భద్రతకి భద్రత, సంపాదనకి సంపాదన. నిలువునా మిగిలే నీళ్లు అదనం.

ఇదంతా అయ్యేలోపు ఇంట్లో మనం చేయగలిగింది ఒకటుంది. కారు తాళంచెవి ఎవరి జేబులో ఉన్నా, ట్యాంకులో నీళ్లెన్ని ఉన్నాయో తెలిసేది మనకే. మోటారు స్విచ్చి మన చేతి కిందే ఉంటుంది. దసరా ఆయుధపూజ నాడు కారుకి నిండుగా నీళ్లు పోసి పసుపు కుంకుమ పెడదాం, ఎవరూ కాదనరు. మిగతా రోజుల్లో ఇంట్లోవాళ్లు పైపు తీస్తే రెండు బకెట్లు తెచ్చి ముందు పెట్టండి. ఎందుకని అడిగితే బిందెల లెక్క చెప్పండి. అయినా వినకపోతే ఆ పన్నెండు బిందెలూ కొళాయి దగ్గర్నుంచి కారు దాకా ఒక్కసారి మోసి చూడమనండి!